నిప్పుకీ మనిషికీ ఒకటే గాలి

ఈసారి రాసింది కొంచెం పొడుగే. సంగటి తిన్నాక తీరిగ్గా చదవండి.

2020 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ రోజులు. మారికుప్పం దగ్గర మూతబడిన గనిలోకి, ఏమైనా దొరుకుతుందనే ఆశతో దిగినవాళ్ళలో ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. ఆ వార్త విని మా ఇళ్ళలో అందరూ అన్నది ఒకటే మాట: "విషవాయువు." అప్పుడు మా సంఘంలో ఒక పిల్లవాడు అడిగాడు: "గనిలో విషం ఎవరు పోశారు?"

నవ్వి ఊరుకున్నాం గానీ, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఎవరూ పోయలేదు. పాత గనిలో మనిషిని చంపేది చాలాసార్లు కొత్తగా వచ్చి చేరిన విషం కాదు, ఉండాల్సినది లేకపోవడం. ఆ లేనిది ఏమిటో మన అవ్వలకు బాగా తెలుసు. పొద్దున లేచి ఊదుగొట్టంతో పొయ్యిలోకి పంపింది అదే కదా.

కట్టెల పొయ్యి చూసినవాళ్ళకు నిప్పు శాస్త్రం వేరే చెప్పక్కర్లేదు. కట్టె కావాలి, వేడి కావాలి, గాలి కావాలి. గాలిలో ఉన్న ఐదు పాళ్ళలో ఒక పాలు, లెక్కగా చెప్పాలంటే నూటికి 21, ఆక్సిజన్. కట్టెకు వేడి తగిలితే అందులోంచి ఆవిరి లాంటి వాయువులు వస్తాయి. ఆ వాయువులు ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు మంట, మళ్ళీ వేడి. ఆ వేడి పక్క కట్టెను వేడెక్కిస్తుంది. ఇలా ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోవడమే మండటం. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆగిపోతుంది. నీళ్ళు పోస్తే వేడి పోతుంది. కట్టె బయటికి లాగితే తిండి పోతుంది. బూడిద కప్పితే గాలి పోతుంది. అయితే బూడిద పూర్తిగా మూయదు. అందుకే రాత్రి కప్పిన నిప్పు పొద్దున్నకి ఎర్రగా బతికే ఉంటుంది. నివురుగప్పిన నిప్పు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ మూడింటి లెక్కతోనే కోలారు బంగారం కథ మొత్తం చెప్పొచ్చని మాకు అనిపించింది. ఎక్కడ తవ్వారు, ఎందుకు ఆగారు, మళ్ళీ ఎలా దిగారు, ఇప్పుడు ఎందుకు దిగకూడదు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి.

ముందు గని బయటి సంగతి ఒకటి. మన జిల్లాలో బండల మిద్దె లేని పాత ఊరు లేదు. పొలం గట్టు మీద రాతి కంబాలు, గుడి ముందు పలకలు, వాకిట్లో బండ. పేలుడు మందు లేని కాలంలో ఇంత పలచగా, ఇంత వెడల్పుగా నల్లరాతిని ఎలా లేపారు? నిప్పుతో. రాతి పని మన ప్రాంతంలో ఎక్కువగా వడ్డెర్లది, వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇవాళ్టికీ తెలుగే. 1895లో వార్త్ అనే ఆయన నేచర్ పత్రికలో బెంగళూరు దగ్గర ఈ పని చూసి లెక్కలతో సహా రాశాడు. సుమారు 7 అడుగుల పొడవున కట్టెలు సన్నటి వరుసగా పేర్చి చదునైన బండ మీద మంట పెడతారు. ఆ మంట వరుసను మెల్లగా పొడిగిస్తూ, ముందుకు జరుపుతూ పోతారు. గంటకు దాదాపు 6 అడుగుల నడక. 8 గంటల్లో పని పూర్తి. మంట నడిచింది 460 చదరపు అడుగుల మేర. కింద పగులు ఇరుపక్కలా ఇంకో 3 అడుగులు పాకి, విడివడిన పలక 740 చదరపు అడుగులకు వచ్చింది. మందం సగటున 5 అంగుళాలు. దానికి ఖర్చయిన కట్టె ముప్పావు టన్ను. ఒక పౌను కట్టెకు 30 పౌన్ల రాయి!

దాంట్లో ఉన్న తెలివి చూడండి. మంట పెద్దదైతే రాయి పెళుసుబారి ముక్కలవుతుంది, చిన్నదైతే కదలదు. రాతి పైపొర వేడెక్కి సాగాలనుకుంటుంది, కింది పొర చల్లగా ఉండి కదలదు. ఆ రెంటి తగాదాలో రాయి పొరలుగా విడిపోతుంది. ఎక్కడ ఎంత కట్టె వెయ్యాలి, ఎప్పుడు జరపాలి అనేది సుత్తితో తట్టి, చప్పుడు విని తెలుసుకోవడం ఆ చేతులకే చేతనవును. ఆ పనికి బళ్ళో పాఠం లేదు. ఆ మనుషుల పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు. రాసిన దొర పేరు మాత్రం మిగిలింది.

ఇదే నిప్పును నేల లోపలికి తీసుకుపోతే పాతకాలం గని అవుతుంది. బంగారం ఉండేది తెల్లటి పలుగురాయి చారల్లో. పలుగురాయి మామూలు రాళ్ళలాంటిది కాదు. 573 డిగ్రీల వేడి దగ్గర దాని లోపలి అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. అందుకే చార ముందు కట్టెలు పేర్చి మంట పెట్టి, రాయి కాగాక నీళ్ళు చల్లితే పటపటా పగులుతుంది. తరువాత ఉలి, సుత్తి, సమ్మెట. ఈజిప్టు బంగారు గనుల్లో గట్టి రాతిని నిప్పుతో కాల్చి తరువాత పగలగొట్టేవాళ్ళని రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు రచయిత డయొడోరస్ రాశాడు. మన పక్కన రాయచూరు జిల్లా హట్టిలో పాతవాళ్ళు 640 అడుగుల దాకా దిగారు. అక్కడ దొరికిన కలపను పరీక్షిస్తే వయసు సుమారు రెండు వేల ఏళ్ళని తేలింది. ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు 1962లో మన దేశపు పాత బంగారు గనుల గురించి రాసినప్పుడు ఈ నిప్పు పద్ధతిని ప్రత్యేకంగా చర్చించాడు. కోలారులోనూ ఇంగ్లీషువాళ్ళు రాకముందే తవ్విన పాత గుంతలు వరసగా ఉండేవి. వాటిని చూసే కొత్తవాళ్ళు ఎక్కడ తవ్వాలో తెలుసుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. బయట బండ మీద మంటకు గాలి కొదువ లేదు. 100 అడుగుల గుంత అడుగున కథ వేరు. అక్కడ మంట పెడితే అది ముందు తినేది ఆ గుంతలోని గాలినే. పొగ పైకి పోవాలి, అదే దారిలో మంచి గాలి కిందికి రావాలి. ఇరుకు సందులో ఇద్దరు ఎదురెదురుగా వచ్చినట్టు రెండూ తన్నుకుంటాయి. గాలి చాలని మంట సరిగ్గా మండదు, అరకొరగా మండి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఇది మాత్రం నిజంగా విషమే. రంగు లేదు, వాసన లేదు. కాబట్టి మంట పెట్టి మనుషులు పైకి వచ్చేయాలి. పొగ తేలిపోయేదాకా కూర్చోవాలి. రెండు బావులు తవ్వి అడుగున కలిపితే ఒకదాంట్లో వేడి గాలి ఎక్కి ఇంకోదాంట్లో చల్లగాలి దిగుతుంది, కొంత నయం. అయినా లోతు పెరిగేకొద్దీ పని నత్తనడక. దానికి తోడు ఊట నీళ్ళు.

అంటే పాతవాళ్ళు ఆగింది బంగారం అయిపోయి కాదు, తెలివి లేకా కాదు. నిప్పుకు, మనిషికి ఒకటే గాలి కావాల్సి వచ్చింది. అడుగున ఇద్దరికీ సరిపడా లేదు. ఇది మా ఊహ అని కొట్టేయకండి. 1880ల మొదట్లో జాన్ టేలర్ కంపెనీవాళ్ళ చేతికి వచ్చిన మైసూరు మైన్ చేతిలో డబ్బు అయిపోయి మూసేసే స్థితికి వచ్చింది. అప్పుడు ప్లమ్మర్ అనే కెప్టెన్ పాత గుంతల్ని శుభ్రం చేయించి వాటి అడుగు నుంచి కిందికి వెళ్ళాడు. ఛాంపియన్ చార అక్కడే ఉంది, పాతవాళ్ళు వదిలిన చోటికి కిందే. ఆ తర్వాత 2001 దాకా మన గనుల నుంచి వచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు.

పాతవాళ్ళు దిగలేనిచోటికి వీళ్ళు ఎలా దిగారు? ఇక్కడ మేము మిమ్మల్ని కాసేపు బూదికోటకు తీసుకుపోవాలి.

బంగారుపేట తాలూకాలో ఉన్న బూదికోట హైదర్ అలీ పుట్టిన ఊరు. బూది అంటే బూడిదే. ఊరికి విభూతిపురం అనే పేరు కూడా ఉంది. కాలి మిగిలినదాని పేరు పెట్టుకున్న ఊళ్ళో పుట్టినవాడి సైన్యం నిప్పుతో ఆడిన ఆట లోకమంతా చూసింది. 1780లో కంచి దగ్గర పొల్లిలూరులో మైసూరు రాకెట్లు ఇంగ్లీషు దళాన్ని చెల్లాచెదురు చేశాయి. ఆ రాకెట్లను లండన్‌కు పట్టుకుపోయి చూసి కాంగ్రీవ్ తనవి తయారు చేసుకున్నాడు. అందరూ చెప్పేది ఇనుప గొట్టం గొప్పతనం గురించి. అది నిజమే. కానీ మన కథకు కావలసింది గొట్టంలో కూరిన మందు. సూరేకారం, బొగ్గు, గంధకం. బొగ్గు, గంధకం తిండి. సూరేకారం ఎందుకు? అది ఆక్సిజన్ మూట. నాలుగు పక్కలా మూసిన గొట్టంలో బయటి గాలి చొరబడదు. అయినా మండుతుంది, ఎందుకంటే గాలిని చద్దిమూట లాగా తనతోనే కట్టుకుని వచ్చింది. తుపాకి మందులో నాలుగింట మూడు పాళ్ళు సూరేకారమే అంటే ఆశ్చర్యం లేదు.

ఇదే కిటుకు గనిలోకి దిగింది. ముందు తుపాకి మందు, 1867లో నోబెల్ పేటెంటు తీసుకున్న డైనమైట్ ఆ తర్వాత. డైనమైట్‌లోని నైట్రోగ్లిజరిన్‌లో తిండి, ఆక్సిజన్ రెండూ ఒకే అణువులో పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. దెబ్బ పడితే చాలు. రాతిలో బెజ్జం వేసి మందు కూరి పేలిస్తే, పాతవాళ్ళు రోజుల తరబడి కట్టెలు కాల్చి చేసిన పని కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. గనిలో ఉన్న గాలిని అడగదు.

నిప్పు తన గాలి తాను తెచ్చుకుంది, మరి మనిషి? మనిషికి ఆ సౌకర్యం లేదు. పేలిన తర్వాత మిగిలే పొగలో మోనాక్సైడ్, నత్రజని వాయువులు ఉంటాయి. వాటిని తోసేసి కొత్త గాలి రావాలి. కాబట్టి డైనమైట్ వచ్చాక గాలి అవసరం తగ్గలేదు, పెరిగింది. ఎంత లోతుకు దిగితే అంత పెద్ద ఫ్యాన్లు, అంత పొడుగు దారులు.

ఆ ఫ్యాన్లు, రాళ్ళు దంచే యంత్రాలు, నీళ్ళు తోడే పంపులు తిరగాలంటే మళ్ళీ నిప్పే. మొదట్లో ఆవిరి బాయిలర్లు. కట్టెలు, బొగ్గు బండ్లకొద్దీ తినేవి. మారికుప్పానికి 1894లో రైలు దారి పడ్డాక బొగ్గు రావడం సులువైంది గానీ దూరాభారం ఖర్చు తప్పలేదు. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో మొదలుపెట్టి 1902 జూన్ 30న కావేరి నీటితో శివనసముద్రంలో పుట్టించిన కరెంటును 147 కిలోమీటర్ల తీగ మీద మన గనులకు తెచ్చారు. ఆ రోజు చూడటానికి శేషాద్రి అయ్యర్ లేరు, అంతకుముందు ఏడాదే పోయారు. బెంగళూరు వీధులకు కరెంటు దీపాలు వచ్చింది 1905లో. మన గనులకు మూడేళ్ళు ముందే. ఈ విషయం బెంగళూరు బంధువుల దగ్గర చెప్పడం మాకు భలే ఇష్టం. మన లెక్కలో చెప్పాలంటే మంట ఉండాల్సిన చోట నీళ్ళు వచ్చి కూర్చున్నాయి. కట్టె కోసం చెట్టు, బొగ్గు కోసం బండి తగ్గాయి.

ఇక మిగిలింది వేడి. ఛాంపియన్ రీఫ్స్ 3,200 మీటర్ల దాకా దిగింది. ఆ అడుగున రాయి వేడి 65 డిగ్రీల పైమాటే. చెయ్యి ఆనించలేరు. ఆ వేడికి కట్టె అంటుకోదు, దానికి 250, 300 డిగ్రీలు కావాలి. కానీ మనిషి కట్టె కాదు. మనిషి ఒంట్లో 37 డిగ్రీల దగ్గర నిలకడగా కాలే ఒక చిన్న మంట ఉంది. జఠరాగ్ని అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. పారిస్‌లో లవోసియే 1780లలో ఒక చిన్న గినీ పందిని మంచు పెట్టెలో కూర్చోబెట్టి, అది ఎంత మంచు కరిగించిందో, ఎంత గాలి మార్చిందో కొలిచి, ఊపిరి తీయడం కూడా నెమ్మదైన మండటమేనని చెప్పాడు. పొయ్యికి కట్టెలాగే మనకు సంగటి. పొయ్యికి గాలి, మనకూ గాలి. తేడా ఒక్కటే. పొయ్యి ఎంత వేడెక్కినా బాధ లేదు, మన మంట తన వేడిని బయటికి వదలకపోతే మనల్నే కాల్చేస్తుంది.

దాన్ని వదిలించుకోవడానికి చల్లగాలి పంపుదామంటే అక్కడ ఇంకో చిత్రం. గాలి కిందికి దిగేకొద్దీ పై గాలి బరువుకు నొక్కుకుని తనంతట తానే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కుతుంది చూడండి, అదే. పొడిగాలి ఒక కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. మూడు కిలోమీటర్లు దిగేసరికి, రాయి ముట్టకముందే, 30 డిగ్రీలు. అందుకే పైన పెద్ద శీతల యంత్రాలు పెట్టి గాలిని చల్లార్చి పంపాల్సి వచ్చింది. మా సభ్యుల్లో ఒకరి నాయన ఆ లోతుల్లో పనిచేసినవాడు. ఇంటికొచ్చి ఎప్పుడూ ఒక మాటే అనేవాడట: "గాలి వచ్చే దారి పక్కన నిలబడటానికి కొట్లాడుకునేవాళ్ళం." నిలబడే చోటుకు కొట్లాట! బంగారం గురించి ఒక్కసారి కూడా చెప్పలేదట.

ఇంకొక చిన్న సంగతి. లోపల పైకప్పు కూలకుండా మొదట కలప ఆనించేవాళ్ళు. తరువాత తరువాత చెక్కిన నల్లరాతి దిమ్మలు పేర్చారు. రాతి పేలుళ్ళ ఒత్తిడికి కలప ఆగలేకపోవడం కారణం. కానీ కలప తగ్గడమంటే గనిలో నిప్పుకు తిండి కూడా తగ్గడమే కదా. రాయి కాలదు.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతబడింది. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అనేది ఇక్కడ వద్దు, అది రాస్తే ఇంకో పది పేజీలు అవుతుంది, సంఘంలో కొట్లాటా అవుతుంది. మేము చెప్పదలచింది ఒక్కటే. మూసిన రోజున పని మాత్రమే ఆగలేదు, ఊపిరి కూడా ఆగింది. పంపులు లేక నీళ్ళు ఎక్కాయి. ఫ్యాన్లు లేక గాలి నిలిచింది. నిలిచిన గాలి అలాగే ఉండదు. లోపల మిగిలిన కలప కుళ్ళుతూ ఆక్సిజన్ తింటుంది. రాతిలోని గంధకపు ఖనిజాలు తేమలో మెల్లగా తుప్పు పడుతూ ఆక్సిజన్ తింటాయి. తుప్పు కూడా మండటమే, మంట కనిపించదంతే. ఇరవై ఏళ్ళు ఎవరూ ఊదుగొట్టం పట్టని పొయ్యి అది. నివురు కింద నిప్పు తన చుట్టూ ఉన్న గాలి మొత్తం తినేసి కూర్చుంది.

అలాంటి చోటికి మనిషి దిగితే ఏమవుతుందో చెప్తాం, పిల్లలకు చదివి వినిపించండి. 21 పాళ్ళ ఆక్సిజన్ 16కు పడితే కొవ్వొత్తి ఆరిపోతుంది. మనిషికి తల తిరుగుతుంది, ఇంకా నడుస్తాడు. 10కి దిగితే స్పృహ తప్పొచ్చు. 6 దగ్గర నిమిషాల్లో ప్రాణం పోతుంది. అంతకన్నా తక్కువైతే రెండు మూడు ఊపిర్లకే కూలిపోతాడు. ఉక్కిరిబిక్కిరి అయినట్టు కూడా తెలియదు. మనకు ఊపిరాడట్లేదని ఒంటికి తెలిసేది బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు. ఆక్సిజన్ తగ్గినంత మాత్రాన ఒళ్ళు కేక పెట్టదు. మత్తుగా ఉంటుంది, కాళ్ళు జారతాయి. పడినవాణ్ణి చూసి "అన్నా!" అంటూ ఇంకొకడు దిగుతాడు. వాడి వెనక మూడోవాడు. మన జిల్లాలోనే కాదు, చిత్తూరు, అనంతపురం వైపు కూడా పాత బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయిన వార్తలు మీరు చదివే ఉంటారు. ఒకరి కోసం ఒకరు దిగినవాళ్ళే చాలామంది.

మొన్న శ్రీనివాసపురం వైపు మా బంధువుల తోటలో పాత బావి పూడిక తీద్దామన్నారు. బోర్లు పడ్డాక పదేళ్ళుగా ఎవరూ ముట్టని బావి. కూలికి వచ్చిన పిల్లలు తాడు పట్టుకుని సిద్ధం. ఆ ఇంటి పెద్దాయన, పాత మైనింగు మనిషి, ఆగమన్నాడు. లాంతరు వెలిగించి తాడుకు కట్టి వదిలాడు. (సెప్టిక్ ట్యాంకులో, గోబర్ గ్యాస్ గుంతలో ఈ పని చేయకండి, అక్కడి వాయువు అంటుకుంటుంది. దీపం వెలిగినంత మాత్రాన మోనాక్సైడ్ లేదనీ కాదు.) అందరం అంచున వంగి చూస్తున్నాం. 10 అడుగులు, 20 అడుగులు, బాగానే ఉంది. 30 దగ్గర మంట చిన్నదై, నీలమై, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

పెద్దాయన తాడు పైకి లాగి లాంతరు చల్లారేదాకా మాట్లాడలేదు. తరువాత, "ఇంకెవరైనా దిగుతారా?" అని అడిగాడు. పిల్లలు తాడు చుట్టేశారు. కూలి డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చేశాం. బావి మీద ఇనుప జాలీ వేయించడానికి వచ్చే వారం మేస్త్రి వస్తానన్నాడు.